మదరమ్మ మూడో ముక్క

మా మనవరాలు విశాఖపట్నంలో చదువుకుంటోంది. ఆ చదువులో ఫ్రెంచి భాష ఒకటి. మా ఇంటావంటా లేని చదువది. సెలవులకు వస్తే వరండాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు గరగరలాడిస్తూ వల్లె వేస్తుంది. ఆ గరగర మొదటిసారి విన్నరోజు మా పనిమనిషి చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

మొన్నటి పని ఏమిటంటే, ఫ్రెంచివాళ్ళ పాట పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఎలా మారుతూ వచ్చిందో కాలేజీలో పావుగంట మాట్లాడాలట. నేను పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. అడక్కపోయినా నాకు చెబుతోంది.

"మొదట్లో రాజుల కొలువుల్లో, దూరాన ఉన్న దొరసానుల మీద పాటలు కట్టేవారట అమ్మమ్మా. తర్వాత పాట వీధుల్లోకి వచ్చింది. కాగితాల మీద అచ్చువేసి సంతల్లో అమ్మేవారు. పాత వరసకే కొత్త మాటలు..."

"ఆ కాగితం పైన ఫలానా పాట వరస అని రాసేవారు. రాజుని తిట్టాలన్నా ఆ కాగితమే," అన్నాను నేను.

అది నోరు వెళ్ళబెట్టి చూసింది. "నీకెలా తెలుసు?"

"నాకు తెలుసులే. నువ్వు చదువుకో," అన్నాను, కాస్త గొప్పగానే.

తర్వాత అది మాటలు వల్లె వేయడం మొదలుపెట్టింది. పాత పాటల్లో మాటిమాటికీ వచ్చే మాటలట. ఒక్కొక్కటీ రెండేసిసార్లు పైకి అంటోంది. నాలుగో అయిదో అయ్యాక ఒకటి అంది: "రెవ్యేంద్రా. రెవ్యేంద్రా."

నా చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ అనమన్నాను. అంది. అర్థం చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ మాట నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు మోకాలిలోతు బురదలో నిలబడి కొన్ని వందలసార్లు పాడిన మాట. కానీ అది ఫ్రెంచి అని నాకు తెలియదు.

నేను పుట్టి పెరిగిన ఊరు గజపతినగరానికి దగ్గర్లోనే, చంపావతి ఏటి పక్కన. ఊరి చివర మామిడితోపు దాటితే ఒక పెంకుటిల్లు ఉండేది. దాన్ని మందుల బంగళా అనేవాళ్ళం. పడుచువయసులో ఫ్రెంచి దేశం నుంచి ఓడెక్కి వచ్చిన ఒక సన్యాసిని అందులో ఉండేది. ఊరందరికీ ఆవిడ మదరమ్మ. పుళ్ళు కడిగేది, పురుళ్ళు పోసేది. మా నాన్నకి బొడ్డు కోసింది కూడా ఆవిడేనట.

ఆ బంగళా మెట్టెక్కగానే టించరు వాసన, దాని వెనకాల ఫినాయిలు, ఆ రెండూ దాటి లోపలికి వెళ్తే ఆవిడ పాలు పోయకుండా కాచుకునే నల్ల కాఫీ వాసన. బీరువాలో ఒక గాజు సీసా, దాన్నిండా తెల్ల పిప్పరమెంట్లు. దెబ్బ తగిలినా తగలకపోయినా నేను రోజూ అటువెళ్ళడానికి ఆ సీసానే కారణం. ఒకసారి బాగున్న మోకాలికి గుడ్డ కట్టుకుని మరీ వెళ్ళాను. ఆవిడ గుడ్డ విప్పి చూసి, మళ్ళీ కట్టేసి, పిప్పరమెంటు చేతిలో పెట్టింది.

ఆవిడ తెలుగు వినాలి. పంతుళ్ళ దగ్గర నేర్చింది కాదు, మా ఊరి ఆడవాళ్ళ దగ్గర నేర్చింది. తెల్లటి ముఖం, బూడిదరంగు గౌను, నెత్తిన ముసుగు, తీరా నోరు తెరిస్తే, "ఒలే గుంటా! ఏటే ఆ కాలికి? బేగి రాయే" అనేది. మందుల లెక్క చూడటానికి పట్నం నుంచి వచ్చిన ఆఫీసరుతో కూడా "ఏటి బాబూ, అంబలి తాగుతావేటి?" అంటే ఆయన బిత్తరపోయాడట. ఒక్క 'ర' మాత్రం ఆవిడకి లొంగలేదు. నాలికతో కాకుండా గొంతులోంచి గరగరమంటూ వచ్చేది.

ఇక పాట సంగతి. మా వైపు వరినాట్ల రోజుల్ని ఉభాలు అంటారు. ఉభాలొస్తే బడి ఎగ్గొట్టడానికి వేరే సాకు అక్కర్లేదు. మా మడిలో పాతికమంది ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తుంటే పాట ఎత్తేది మా మామ్మ, అంటే మా నాన్నకి అమ్మ. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. పొద్దున్నుంచీ ఎన్ని పాటలు పాడినా, ఎండ నడినెత్తికెక్కి నడుములు విరిగిపోయే వేళకి మాత్రం ఒక్కటే ఎత్తేది.

ఊ వాలో, ఊ వాలో
అలమేలు, అలమేలు
రేవేదిరా, రేవేదిరా
పసుపు సీర తడిసిపోయె రేవేదిరా

మొదటి ముక్క ఇటువైపు వాళ్ళంటే రెండోది అటువైపు వాళ్ళు అందుకునేవారు. మూడోదానికి అందరూ కలిసేవారు. అది అయ్యాక గట్టు మీదికి ఎక్కి, చోళ్ళతో, అంటే రాగులతో కాచిన అంబలి, కాల్చిన ఎండునెత్తళ్ళ చేపలు, పచ్చి ఉల్లిపాయ. చేతులు ఎంత కడుక్కున్నా బురదవాసన పోయేది కాదు. ఆ బురదవాసనతో కలిస్తేనే అంబలికి రుచి.

"ఇది మదరమ్మ పాటే," అనేది మామ్మ. మామ్మ పడుచుగా ఉన్నప్పుడు ఊళ్ళో గత్తర వచ్చిందట. వాంతులూ విరేచనాలతో మనుషులు పోతుంటే రోగుల గుడ్డలు ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదట. మదరమ్మే గంగాళాల్లో నీళ్ళు మరగబెట్టి ఒక్కతే ఉతుకుతుంటే, చూసి చూసి సిగ్గేసి మామ్మా ఇంకో నలుగురూ కొంగులు దోపుకుని వెళ్ళారట. అప్పుడు ఉతుకుతూ మదరమ్మ పాడిన పాట ఇది. ఆ అయిదుగురి నోళ్ళలో నుంచి మళ్ళలోకి వచ్చింది. తర్వాత ఎవరికి తోచిన చరణం వాళ్ళు కలిపారు.

మరి ఏది ఆవిడది, ఏది మనది అని అడిగితే మామ్మ దగ్గర ఒక లెక్క ఉండేది. "తెలవని మాటైతే ఆవిడిది. తెలిసిన మాటైతే మనది. అందులో ఏటున్నాది?"

ఆ లెక్కకి అలమేలు అడ్డం వచ్చింది. అలమేలు తెలిసిన పేరే కదా, కానీ ఆ ముక్క దాకా మదరమ్మ పాడగా నేనే విన్నాను. ఆ అలమేలు ఎవరో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. ఒకరోజు ఏట్లో ఆలుచిప్ప గీసుకుని కాలు తెగితే, కట్టు కట్టించుకుంటూ అడిగాను. "మదరమ్మా, అలమేలు ఎవురు? మీ సెల్లెలా?"

ఆవిడ చేతిలో దూది కింద పడిపోయేలా నవ్వింది. "అలమేలు కాదే గుంటా! ఆ లా మేర్. సముద్రానికి అని. ఊ వా లో అంటే నీళ్ళు ఎక్కడికి ఎల్తన్నాయి? ఆ లా మేర్, సముద్రానికి."

నేను కట్టు కాలితో కుంటుకుంటూ మడి దగ్గరికి పరిగెత్తి, "మామ్మా! అలమేలు మనిసి కాదు, సముద్రం!" అని కేకేశాను.

మామ్మ వంగిన నడుము ఎత్తలేదు. "సముద్రవైతే ఏటి? అలమేలు సముద్రంలో పడిపోనాది. నేకపోతే సీరెందుకు తడుస్తాది?" అంది. పాతికమందీ అవునవునన్నారు.

ఈ సంగతి మళ్ళీ మోసుకెళ్ళి మదరమ్మకి చెప్పాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "మా ఊళ్ళోనూ ఇంతే," అంది. ఆ రోజు చెప్పింది అదంతా. వాళ్ళ దేశంలో పాటగాడు భుజాన పెట్టె తగిలించుకుని, దాని పిడి తిప్పి వాయిస్తూ ఊరూరా తిరిగేవాడట. పాట అచ్చేసిన కాగితాలు అమ్మేవాడట. వరస అందరికీ తెలిసిన పాతదే, మాట కొత్తది. వరద వస్తే వరద మీద, హత్య జరిగితే హత్య మీద, రాజు పన్నేస్తే రాజు మీద. మా సంతలో అమ్మే పాటల పుస్తకాల్లోనూ వరస పేరు పైన రాసే ఉండేది కదా, అందుకని నాకు అది వింతగా అనిపించలేదు. నా ఆత్రమంతా వేరే. మరి ఆ పాటగాడు మాట మరిచిపోతే ఏం చేస్తాడు?

"నోటికొచ్చింది అనేస్తాడు. జనం అదే నేర్సేసుకుంటారు," అంది. "తరవాత పట్నాల్లో తాగుతూ పాటలినే కొట్లు పెట్టినారు. తరవాత పళ్ళెం పెడితే పాడే మిసను వచ్చినాది. మిసను వచ్చినాక మాయమ్మతో బట్టలుతికే ఆడోళ్ళు పాడడం మానేసినారు. మిసనే బాగా పాడతాది కదా, మనవెందుకూ అని."

ఇది ఇంటికొచ్చి చెబితే మామ్మ ముక్కు మీద వేలేసుకుంది. "మిసను పాడితే మనిసి నోరు ఏటి సేస్తాది, కూడు తిండానికేనా?"

ఆ పై వేసవిలో మదరమ్మకి పక్షవాతంలాంటిది వచ్చి తగ్గింది. చెయ్యీ కాలూ వచ్చాయి గానీ కొన్ని మాటలు పోయాయి. గరిటె చూపించి "ఇది... ఇదేటే?" అనేది. వాళ్ళ భాషలోనూ కొన్ని పోయాయట. ఉభాలు మొదలయ్యేసరికి వాళ్ళ దేశం నుంచి ఉత్తరం వచ్చింది, వయసైపోయింది, ఇక వచ్చేయమని. ఆ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నన్ను దగ్గరికి పిలిచింది.

"గుంటా, ఆ పాట మూడు ముక్కలే. రెండున్నాయి. మూడోది పోనాది. వరస ఉన్నాది, మాట నేదు." పెదాలు మూసి ఆ మూడోముక్క రాగం మాత్రం పాడి చూపించింది. "నాను ఓడెక్కడానికి ఇంట్లోంచి బయల్దేరిన్నాడు మాయమ్మ గుమ్మంలో నిలబడింది. ఏటీ అన్నేదు. ఆ మూడోముక్క ఒక్కటీ పాడింది. అదే ఆఖరు. మళ్ళీ ఆవిణ్ణి సూడనేదు నాను. మాయమ్మ ఆఖరి మాట నాకు కావాల. అక్కడికెల్తే ఇంకెవుర్నడుగుతాను? అందరూ పోనారు. మీ మామ్మకి నేర్పేను కదే నాను. అడిగి పట్రా."

నేను వెళ్ళి అడిగాను. మామ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఆవిడ నేర్పినవి రెండే ముక్కలే. ఊ వాలో ఒకటి, అలమేలు ఒకటి. మిగతాయి మన కూతలు." మిగిలిన నలుగురినీ అడిగాను. వాళ్ళూ అదే లెక్క చెప్పారు.

వట్టిచేతులతో వెళ్తే పిప్పరమెంటు ఎలా? అందుకని నేనే ఒక ముక్క తయారుచేశాను. గొంతు గరగరలాడిస్తూ, "పాంపా రేరా, పాంపా రేరా" అన్నాను. మదరమ్మ కళ్ళు మూసుకుంది. ఆ మాటల్ని రాగంలో పెట్టి మెల్లగా పాడింది. తల అడ్డంగా ఊపింది. "కాదే." అయినా పిప్పరమెంటు ఇచ్చింది. మర్నాడు "లాలూ మాలూ". ఆ తర్వాత "తాంబో రాంబో". ప్రతిసారీ ఆవిడ ముఖంలో ఒక ఆశ లేచేది, పాడి చూసేది, ఆశ అణిగిపోయేది. నాకు పిప్పరమెంటు దొరికేది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడో ముక్కకో ఎనిమిదో ముక్కకో ఆవిడ కళ్ళు తెరిచి నా గడ్డం పట్టుకుంది. "ఒలే, ఇయ్యన్నీ నువ్వు కట్టినవే కదూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిట్టలేదు. "మంచిదేలే. పాటలు అలగే పుడతాయి," అంది. నా గడ్డం వదిలి, "నాకు మాత్రం మాయమ్మదే కావాల గుంటా," అంది. నాకు ఏడుపు వచ్చేసింది. సీసా చేతిలో పెట్టబోతే వద్దని పరిగెత్తుకొచ్చేశాను.

ఆవిడ వెళ్ళే రోజు మేం నాట్లు ఆపేసి, బురదకాళ్ళతోనే అందరం బంగళాకి వెళ్ళాం. ఒకరు మామిడితాండ్ర, ఒకరు పనసపండు, మామ్మ తన చేత్తో పట్టిన జీడిమామిడి పలుకుల ఉండలు. అవతల జీపు ఆగి ఉంది. మదరమ్మ వరండా కుర్చీలో కూర్చుని అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. "పాడండే ఒకసారి. మళ్ళలో మీరు పాడేది నానెప్పుడూ ఇన్నేదు, అలగే పాడండి," అంది.

మామ్మ వెనక్కి తిరిగి ఆడవాళ్ళతో గుసగుసలాడింది. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. "ఆ తల్లి పాట ఆ తల్లికి శుబ్బరంగా అప్పజెప్పాల. మన కూతలు కలపకండి. తెలుగు ముక్క వస్తే నోరు ముయ్యండి."

పాడారు. ఊ వాలో. అలమేలు. ఆవిడ మీద గౌరవంతో మామ్మ దాన్ని కూడా సరిచేసి ఆ లా మేర్ అనే అంది. మూడో ముక్క దగ్గరికి వచ్చేసరికి పాతికమందీ పెదాలు బిగించి, మాట లేకుండా రాగం మాత్రం తీశారు. మదరమ్మ కూడా వాళ్ళతో కలిసి నోరు మూసుకునే రాగం తీసింది. కుర్చీలో ముందుకి వంగింది. ఆవిడ కళ్ళు మా నోళ్ళవైపే చూస్తున్నాయి.

నాకు అలవాటు. రాగం రాగానే మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. "రే..." అన్నాను. మామ్మ నా తొడ మీద ఎంత గట్టిగా గిల్లిందంటే, ఆ మిగతా మాట మింగేశాను. మదరమ్మ ఒక్క క్షణం నావైపు తిరిగింది. అప్పటికే డ్రైవరు హారను కొట్టాడు. అందరూ ఏడుపు లంకించుకున్నారు. ఆవిడ నా చేతిలో పిప్పరమెంట్ల సీసా పెట్టి, "ఎల్లొస్తానే గుంటా," అంది. మా వైపు ఎవరూ వెళ్తానని అనరు, వెళ్ళొస్తాననే అంటారు. ఆవిడా అదే అంది.

ఆ పై ఏడాది ఆవిడ పోయిందని కబురు వచ్చింది. మామ్మ ఆ ఉభాలకి ఆ పాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎత్తింది గానీ, నేను పెద్దదాన్నయి పెళ్ళయి ఆ ఊరు వదిలేశాను. ఇప్పుడు మా మళ్ళలో నాట్లు మిషను వేస్తుంది. మిషను తోలే అతని జేబులో ఫోను పాడుతుంది. మదరమ్మ చెప్పిన కథే మా ఊరికీ నడిచి వచ్చింది, కాస్త ఆలస్యంగా.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి కదలకుండా విన్నది. ఆఖరికి అడిగాను. "ఇప్పుడు చెప్పవే. రెవ్యేంద్రా అంటే ఏమిటి?"

"తిరిగి వస్తుంది అని అమ్మమ్మా. ఏరయినా అదే మాట, మనిషయినా అదే మాట. తిరిగి వస్తుంది."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు! ఆవిడ వెతికిన మాట మా పాతికమంది నోళ్ళలోనూ ఉంది. బంగళా ముందు నిలబడి, నోటికి వచ్చిన దాన్ని పెదాలు బిగించి ఆపేశాం. తెలిసిన మాటైతే మనది! ఏడెనిమిది దొంగముక్కలు పట్టుకెళ్ళి ఇచ్చానే, రోజూ పాడే ఆ ఒక్కటీ ఎందుకు ఇవ్వలేదు? తెలుగనుకున్నాను. రేవు, ఏది, రా. అంత విడమరిచి అర్థమవుతుంటే అది ఇంకొకరి తల్లి మాటని ఎవరనుకుంటారు? మనవరాలు నా కళ్ళు తుడిచింది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

కాసేపటికి అది అంది, "కానీ అమ్మమ్మా, మీరు రేవేదిరా అని మార్చబట్టే అది బతికింది. తెలియని మాటగానే ఉండుంటే ఎప్పుడో ఊడిపోయేది." ఆలోచిస్తే నిజమే. అలమేలుకి ఒక రేవు కావలసి వచ్చింది కాబట్టి ఆ మాట మా మళ్ళలో నిలిచింది. మా మామ్మ వింటే "అందులో ఏటున్నాది?" అనేది.

సాయంత్రం దాని స్కూటీ వెనకాల కూర్చుని చంపావతి వంతెన దగ్గరికి వెళ్ళాను. వానలు పడి ఏరు ఎర్రగా పారుతోంది. ఆ నీళ్ళు నెల్లిమర్ల మీదుగా వెళ్ళి భోగాపురం అవతల సముద్రంలో కలుస్తాయి. ఊ వాలో అని పాట అడిగినదానికి జవాబు కళ్ళెదురుగానే ఉంది. వంతెన మీద లారీలు పోతున్నాయి. సిగ్గు వదిలేసి గొంతెత్తాను. మొదటిముక్క నేను పాడితే రెండోది మనవరాలు అందుకుంది. మూడోదానికి ఇద్దరం కలిశాం. రేవేదిరా అని నేను, రెవ్యేంద్రా అని అది. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇదిగో మదరమ్మా, నీ మూడోముక్క. ఈసారి దొంగది కాదు. పిప్పరమెంటు ఏమీ వద్దులే.